కూడలికి లైట్లా, వీధికి కాలువా: మున్సిపల్ బడ్జెట్‌లో ఏది ముందో తేల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ మున్సిపాలిటీలో బడ్జెట్ సమావేశం దగ్గరపడింది. కొందరు కౌన్సిలర్లు మెయిన్ రోడ్డు మధ్యలో వరసగా స్తంభాలతో సెంట్రల్ లైటింగ్, కూడలి సుందరీకరణ కావాలంటున్నారు. మిగిలినవాళ్లు ముందు మురుగు కాలువలు, తాగునీటి పైపుల సంగతి చూడమంటున్నారు. కమిషనర్ గారేమో దేనికీ డబ్బుల్లేవంటున్నారు. ఇందులో ఎవరి మాట నిజం, తీర్మానం కాకముందే మామూలు జనం ఏమైనా చేయగలరా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. ముందు మున్సిపాలిటీ చేతిలో నిజంగా మిగిలే సొమ్మెంతో తేల్చండి. ఏది ముందన్న మాట ఆ తర్వాతే. ఆ లెక్క తేలాక కూడా మీరు చెప్పిన పనుల్లోనే ఎంచుకోవాల్సి వస్తే వరస ఇది: పైపు, కాలువ, రోడ్డు, చివర్లో లైట్లు. చీకటి వల్ల ప్రమాదాలు జరుగుతున్న చోటైతే లైట్లు ముందుకొస్తాయి. జనం చేయగలిగింది చాలానే ఉంది. అయితే సమావేశం రోజున హాలు బయట నిలబడితే ఆలస్యమైపోయినట్టే. ఇంజినీరింగ్ విభాగం పనుల జాబితా రాసుకునే రోజుల్లోనే మీ కాగితం వాళ్ల బల్ల మీద ఉండాలి.

డబ్బుల్లేవన్న మాట ఎంతవరకు నిజం

బడ్జెట్ పుస్తకం మొదటి పేజీలో కనిపించే పెద్ద అంకెని పట్టుకుని వాదించకండి. అందులో చాలా భాగం మున్సిపాలిటీ ఇష్టప్రకారం వాడుకోవడానికి వీల్లేనిది. ఒక ఊహా లెక్క వేసి చూపిస్తాను.

మొత్తం బడ్జెట్ రూ. 60 కోట్లు అనుకుందాం. అందులో రూ. 22 కోట్లు కేంద్ర, రాష్ట్ర పథకాల గ్రాంట్లు. ఏ పథకం సొమ్ము ఆ పనికే వాడాలి. ఇంకో రూ. 5 కోట్లు డిపాజిట్లు, అడ్వాన్సుల పద్దు. కాంట్రాక్టర్లు టెండరుతో పాటు కట్టే ధరావతులు (ఈఎండీలు), సెక్యూరిటీ డిపాజిట్లు, ఇంటి పన్నుతో పాటు వసూలై గ్రంథాలయ సంస్థకి వెళ్లాల్సిన 8 శాతం సెస్సు లాంటివి ఇందులో ఉంటాయి. ఇవి వచ్చిన దారినే పోయే డబ్బులు. మిగిలిన రూ. 33 కోట్లు సొంత ఆదాయం, రాష్ట్రం నుంచి వచ్చే వాటాలు కలిపి. కాగితం మీద రూ. 33 కోట్లు గానీ, గత మూడేళ్ల వసూళ్లు చూస్తే రూ. 27 కోట్లకి మించి రాదనుకుందాం.

ఈ రూ. 27 కోట్లలోంచి జీతాలు, పారిశుధ్య కార్మికుల, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది వేతనాలు రూ. 13 కోట్లు. నీటి పంపులకి, వీధి దీపాలకి కరెంటు బిల్లులు రూ. 5 కోట్లు. చెత్త బండ్ల డీజిల్, వాహనాల మరమ్మతులు, పటిక, క్లోరిన్, బ్లీచింగ్ రూ. 3.5 కోట్లు. అప్పుల కిస్తీలు కోటి. నిరుడు పని అయిపోయి బిల్లు చెల్లించనివి రూ. 2.5 కోట్లు. అన్నీ పోగా మిగిలేది రూ. 2 కోట్లు.

సమావేశంలో అరుపులన్నీ ఆ రెండు కోట్ల మీదే. తెలంగాణలో అయితే 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం మొక్కలు, పచ్చదనం కోసం హరిత బడ్జెట్‌గా పక్కకి తీయాలి. పై లెక్కలో అది కలపలేదు, కలిపితే చేతిలో మిగిలేది ఇంకా తగ్గిపోతుంది. మీ కమిషనర్ గారు డబ్బుల్లేవన్నప్పుడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. కానీ ఆ మాటతో ఆపేస్తే కుదరదు. ఈ లెక్క మొత్తం కాగితం మీద పెట్టమని అడగాలి.

ఆదాయాన్ని ఎక్కువ రాసుకోవడం

ప్రాధాన్యాల గొడవకి అసలు మూలం చాలాచోట్ల ఇక్కడే ఉంటుంది. ఎవరి వార్డు పనినీ కాదనలేక ఖర్చు పద్దులన్నీ రాసేస్తారు. అవి సరిపోవడానికి ఆదాయం పెంచి చూపిస్తారు. అందరి పనీ పుస్తకంలో ఉంటుంది గనక సమావేశం సాఫీగా అయిపోతుంది. డిసెంబరు వచ్చేసరికి టెండరు పిలిచిన పనులకి కూడా బిల్లులు చెల్లించలేని పరిస్థితి వస్తుంది. అప్పుడు ఏ పని ఆగాలన్నది కౌన్సిల్లో కాకుండా ఎవరి ఒత్తిడి ఎక్కువైతే వాళ్లని బట్టి తేలుతుంది. ప్రాధాన్యం అప్పుడూ నిర్ణయమవుతుంది, కాకపోతే ఎవరికీ కనపడకుండా.

దీన్ని పట్టుకోవడానికి రెవెన్యూ విభాగంలో ఉండే డీసీబీ చాలు. డిమాండ్ (రావాల్సింది), కలెక్షన్ (వసూలైంది), బ్యాలెన్స్ (బాకీ) పట్టిక అది. ఇంటి పన్ను కింద పాత బకాయిలు రూ. 5 కోట్లు, ఈ ఏటి డిమాండ్ రూ. 7 కోట్లు, మొత్తం రూ. 12 కోట్లు అనుకోండి. మూడేళ్లుగా వసూలైంది రూ. 6 కోట్లు, రూ. 6.3 కోట్లు, రూ. 6.4 కోట్లు. వచ్చే ఏడాది అంచనాలో రూ. 11 కోట్లు రాశారంటే నాలుగు కోట్లకి పైగా గాలిలో ఉన్నట్టే. పాత బకాయిల్లో కోర్టు కేసులు, ప్రభుత్వ భవనాల బాకీలు, ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్లు పడినవి, కూలిపోయినా జాబితాలోంచి తీయనివి కలిసి ఉంటాయి. అవి ఒక్క ఏడాదిలో వచ్చేవి కావు. ఆస్తి చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసి పంపే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ వాటా కూడా అంతే, ఎప్పుడొస్తుందో మున్సిపాలిటీ చేతిలో లేదు.

బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దుకీ నాలుగు గళ్లుంటాయి: నిరుటి వాస్తవాలు, ఈ ఏటి అంచనా, ఈ ఏటి సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. అందరూ నాలుగో గడి చూస్తారు. మీరు మొదటి గడి, నాలుగో గడి పక్కపక్కన పెట్టి చదవండి. రెంటికీ మధ్య 15 శాతానికి మించి పెరుగుదల కనిపిస్తే కారణం రాతపూర్వకంగా ఉండాలి: కొత్త అసెస్‌మెంట్లు ఎన్ని, ఏ రేటు సవరించారు, ఏ షాపింగ్ కాంప్లెక్స్ వేలానికి వస్తోంది. కారణం లేకుంటే ఆ పద్దుని నమ్ముకుని ఏ పనీ పెట్టకూడదు. ఈ 15 శాతం చట్టంలో ఉన్నది కాదు, అనుమానించడానికి పనికొచ్చే గీత మాత్రమే.

పైపులకీ లైట్లకీ నిజంగా పోటీ ఉందా

ఇది చాలామంది గమనించరు. రెండు పనులూ ఒకే జేబులోంచి తీయాల్సినవి కాకపోవచ్చు.

కేంద్రం నుంచి రాష్ట్రాలకి, స్థానిక సంస్థలకి ఎంత సొమ్ము వెళ్లాలో సూచించేది ఆర్థిక సంఘం. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం ముడిపెట్టిన సొమ్ము. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగానికి. మిగతా సగం పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణకి. మిగిలిన 40 శాతమే స్థానిక అవసరాలకి వాడుకోవడానికి వీలైంది, అదీ జీతాలకి వాడకూడదన్న షరతుతో. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి మీ బడ్జెట్ ఏ ఏడాదిదో చూసుకుని ఆ మార్గదర్శకాలు అడగండి. సూత్రం తెలుసుకుంటే చాలు: పైపులైను పనిని తాగునీటి గ్రాంట్లో పెట్టగలిగినప్పుడు దాన్ని సాధారణ నిధుల్లో పెట్టి, ఆ తర్వాత లైట్లతో పోటీ పెట్టడం తప్పు. ఆ రెండు కోట్లు వేరే దారి లేని పనులకి మిగలాలి.

2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0 కింద మీ ఊరికి నీటి పథకం మంజూరై ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఏ వీధుల్లో పైపులు వేస్తారో ఆ నక్షా ఇంజినీరింగ్ విభాగంలో ఉంటుంది. ఆ వీధుల్లో ఈ ఏడాది సీసీ రోడ్డు వేయడమంటే వచ్చే ఏడాది తవ్వడానికి వేసినట్టు. ఒక వీధికి 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం రోడ్డంటే 45 ఘనమీటర్ల కాంక్రీటు. దాన్ని మధ్యలో కోసి పైపు వేశాక పైన ఎంత అతుకేసినా మొదటి వానకే ఆ గాడి కుంగుతుంది. పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టేంత ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు.

పైపు, కాలువ ముందెందుకు

మీ వీధిలో ఏ ఇంటి ముందైనా కాలువలోకి తొంగి చూడండి. మెయిన్ పైపు నుంచి ఇంటికి వెళ్లే జీఐ (ఇనుప) పైపు మురుగులో మునిగి అడ్డంగా కనిపిస్తుంది. నీళ్లొచ్చే గంటసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీళ్లు బయటికి పోతాయి. సరఫరా ఆపేయగానే పైపులో ఖాళీ ఏర్పడి అదే చిల్లులోంచి మురుగుని లోపలికి లాగుతుంది. మర్నాడు మొదటి రెండు బిందెల్లో వాసన వచ్చేది అందుకే. ఎవరైనా మోటారు నేరుగా కుళాయికి బిగిస్తే ఆ లాగుడు ఇంకా ఎక్కువ. ట్యాంకు దగ్గర ఎంత క్లోరిన్ కలిపినా, చివరి ఇంటి కుళాయిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలకపోతే ఆ నీళ్లకి రక్షణ లేనట్టే. దీనికి మందు పెద్ద పథకమే కానక్కర్లేదు. కాలువలోంచి పోతున్న సర్వీసు పైపులని లెక్కపెట్టించి, తుప్పు పట్టిన వాటిని ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపులుగా మార్చి, కాలువ దాటే చోట పైన రక్షణ గొట్టం (కేసింగ్) వేసి పైకెత్తించడం చిన్న బడ్జెట్ పని. ఇలాంటిది పుస్తకంలోకి రాకపోవడానికి కారణం ఒక్కటే, ప్రారంభోత్సవానికి శిలాఫలకం పెట్టే వీలుండదు.

కాలువల విషయంలో డ్రైనేజీ కావాలనే కౌన్సిలర్లని కూడా ఒక మాట అడగాలి: నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి? వాటం చూడకుండా, పెద్ద కాలువలో కలిసే చోటు లేకుండా వార్డుకి 80 మీటర్ల చొప్పున ముక్కలు కట్టేస్తుంటారు. నీరు పారాలంటే 100 మీటర్లకి సుమారు 30 నుంచి 50 సెంటీమీటర్ల వాటం కావాలి. కింది వార్డులో కాలువ మట్టం పైకి ఉంటే పై వార్డులో ఎంత బాగా కట్టినా అది దోమల తొట్టే. నేల ఎత్తుపల్లాల కొలతలు (లెవెల్స్) తీయకుండా అంచనా వేసిన కాలువ పనికి ఓటేయొద్దని మీ కౌన్సిలర్‌కి నిర్మొహమాటంగా చెప్పండి. పాత కాలువలో ఏడాది పూడిక తీయించి, కలిసే చోట అడ్డం తొలగిస్తే కొత్తది అవసరమే లేదని తేలే వీధులు కూడా ఉంటాయి.

లైట్లు ఎప్పుడు సరైన పని

లైటింగ్ అడిగేవాళ్లందరినీ ఆడంబరమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. బస్టాండు నుంచి కాలనీలకి నడిచివెళ్లే దారి చీకటిగా ఉంటే, డివైడర్‌కి రాత్రిళ్లు బండ్లు గుద్దుకుంటుంటే, అది భద్రత పని. పోలీసు స్టేషన్‌లో ఆ కూడలి ప్రమాదాల వివరాలు తీసుకుని జత చేస్తే వాదన నిలబడుతుంది. కానీ అడగాల్సిన రెండో లెక్క ఉంది. 60 స్తంభాలు, ఒక్కోదానికి 120 వాట్ల దీపాలు రెండు, రాత్రికి 11 గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 57,800 యూనిట్లు. యూనిట్ రూ. 7 అనుకుంటే ఏటా రూ. 4 లక్షలు కరెంటుకే, మరమ్మతులు కాక. ఈ సొమ్ము వచ్చే ఏడాది రెవెన్యూ ఖాతాలో (రోజువారీ నిర్వహణ ఖర్చుల ఖాతా) ఎక్కడ రాశారో చూపించమనండి. రాయకపోతే రెండేళ్లకి సగం దీపాలు ఆరిపోతాయి, లేదా ఆ సొమ్ము కాలువల పూడికతీతలోంచి పోతుంది.

ఫౌంటెన్, పార్కు, జిమ్, మోడల్ మార్కెట్, దేనికైనా ఇదే పరీక్ష. కట్టడానికి మూలధన ఖాతాలో గ్రాంటు రావచ్చు. నడపడానికి సొమ్ము రెవెన్యూ ఖాతాలోంచే రావాలి, అక్కడ కొత్తగా ఎవరూ ఏమీ ఇవ్వరు. ప్రాధాన్యం గురించి నా తీర్పు అడిగితే ఇదే: ఉన్నవాటి నిర్వహణకి పూర్తిగా కేటాయించని బడ్జెట్‌లో కొత్త కట్టడం ఏదైనా సరే, కాలువైనా సరే, వెనక్కే ఉండాలి.

వార్డుకింత అని పంచుకోవడం

రెండు కోట్లని 32 వార్డులకి సమానంగా పంచితే తలా ఆరు లక్షల పాతిక వేలు. గొడవ చల్లారిపోతుంది. నాలుగు వార్డుల మీదుగా పోయే ప్రధాన కాలువకి మాత్రం ఎప్పటికీ డబ్బు కూడదు. పైగా పనిని చిన్న చిన్న ముక్కలు చేస్తే పోటీ టెండరు తప్పించి నామినేషన్ మీద ఇచ్చే అవకాశం పెరుగుతుంది, నాణ్యత చూసేవాళ్లు తగ్గుతారు. నా మాట ఏమిటంటే, మూడో వంతు దాకా వార్డులకి చిన్న మరమ్మతుల కోసం పంచండి. మిగిలింది పట్టణం మొత్తానికి అవసరాన్ని బట్టి రెండు మూడు పనులకే పెట్టండి. ఏ వార్డుకి ఈ ఏడాది రాలేదో వాళ్లకి వచ్చే ఏటి వరస అదే తీర్మానంలో రాయిస్తే కౌన్సిలర్లు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మీరు చేయగలిగిన పని

విభాగాలు సాధారణంగా నవంబరు, డిసెంబరుల్లో తమ అవసరాలు రాసుకుంటాయి. జనవరి, ఫిబ్రవరికి ముసాయిదా తయారవుతుంది. మీరు డిసెంబరు లోపు ఒక పేజీ వినతి ఇవ్వండి. అందులో భావోద్వేగం తగ్గించి కొలతలు పెంచండి: ఫలానా డోర్ నంబరు నుంచి ఫలానా డోర్ నంబరు దాకా, పొడవు ఇంత, వెడల్పు ఇంత, ప్రస్తుతం కచ్చా కాలువ, నీరు కలిసే చోటు ఇది, ఆధారపడిన ఇళ్లు ఇన్ని, గత ఏడాది ఇచ్చిన ఫిర్యాదుల నంబర్లు ఇవి. నాలుగు ఫొటోలు చాలు. ఒక ప్రతి కౌన్సిలర్‌కి, ఒకటి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి, ఒకటి కమిషనర్ పేషీలో ఇచ్చి, మీ దగ్గరుంచుకునే ప్రతి మీద అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. కొలతలున్న కాగితం మీద ఏఈ అంచనా వేయడం తేలిక. కొలతల్లేనిది ఫైల్లోనే ఉండిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలో రోడ్లు, నీళ్లు, కాలువల లాంటి వసతులు చూసే అమెనిటీస్ కార్యదర్శి చేత స్థల పరిశీలన చేయించుకోవచ్చు. తెలంగాణలో వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కుని వాళ్ల సంతకాలు తీసుకోండి.

లెక్కల కోసం సమాచార హక్కు చట్టం కింద రూ. 10 రుసుముతో దరఖాస్తు పెట్టండి. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. నకళ్లు అడగండి:

- గత మూడేళ్ల ఆస్తి పన్ను, నీటి చార్జీల డీసీబీ
- మార్చి 31 నాటికి చెల్లించాల్సిన బిల్లుల జాబితా, పని పేరు, మొత్తంతో
- నిరుటి బడ్జెట్ పనుల్లో టెండరు పిలిచినవి, మొదలుపెట్టనివి
- ఆర్థిక సంఘం గ్రాంట్ల ఖాతాలో ఖర్చుకాక ఉన్న నిల్వ

ముప్పై రోజుల్లో జవాబు రావాలి కాబట్టి సమావేశానికి కనీసం రెండు నెలల ముందు పెట్టాలి. రాకపోతే ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు. నాలుగో అంశం మర్చిపోకండి. డబ్బుల్లేవని సాధారణ నిధి గురించి చెబుతూ, తాగునీటి గ్రాంటు ఖాతాలో సొమ్ము మురిగిపోతుండటం అరుదేమీ కాదు.

ఎజెండా కాపీ సమావేశానికి ముందే మీ కౌన్సిలర్‌కి చేరుతుంది, అడిగి చదవండి. అప్పటికప్పుడు వచ్చే టేబుల్ ఎజెండా మీద కన్నేసి ఉంచమని చెప్పండి, పెద్ద ఖర్చులు అందులో దొర్లిపోతుంటాయి. మీ కౌన్సిలర్ వాదన ఓడిపోయినా అసమ్మతిని తీర్మానాల పుస్తకంలో రాయించాలి. నోటితో అన్నది మిగలదు. మీ ఊళ్లో పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉంటే ఈ చర్చే జరగదు, ఆయన సంతకంతో బడ్జెట్ అయిపోతుంది. అప్పుడు మీ ఇన్‌వర్డ్ నంబరున్న కాగితమే మీకు దిక్కు.

బడ్జెట్‌లో మీ పని పేరు కనపడగానే నిశ్చింతగా ఉండొద్దు. పేరు ఎదురుగా రూ. లక్ష లాంటి నామమాత్రపు మొత్తం ఉంటే అది మాట మన్నించడానికి రాసిందే. అసలు పని నడవాలంటే అంచనా, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, ఇవన్నీ దాటాలి. జూన్ నాటికి సాంకేతిక అనుమతి రాని కాలువ పని వానలు ముగిసేదాకా మొదలవదు, అక్టోబరుకి కూడా టెండరు పడకపోతే ఆ ఏడాది ఇక కానట్టే. జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఏఈ గారి దగ్గరికి వెళ్లి ఫైలు ఎక్కడుందో కనుక్కోండి. సవరించిన అంచనాలు రాసేటప్పుడు మొదట కోత పడేది ఎవరూ అడగని పనులకే.